శవపేటికల మధ్య నాలుగు కథలు: ‘టేల్స్ ఫ్రమ్ ది హుడ్’లో దయ్యం ఎవరు?

నాలుగైదు విడి కథల్ని ఒక బయటి కథతో కలిపి కుట్టిన సినిమాను ఆంథాలజీ సినిమా అంటున్నాం. హారర్‌లో ఇది పాత పద్ధతే. 1945లో బ్రిటన్ నుంచి వచ్చిన ‘డెడ్ ఆఫ్ నైట్’, 1972 నాటి ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’, 1982లో అమెరికాలో వచ్చిన ‘క్రీప్‌షో’ ఈ కోవలోవే. వాటిలో భయపడేవాళ్లూ భయపెట్టేవాళ్లూ దాదాపు అందరూ తెల్లవాళ్లే. 1995 మే నెలలో విడుదలైన ‘టేల్స్ ఫ్రమ్ ది హుడ్’ ఆ చట్రాన్ని తెచ్చి నల్లజాతి బస్తీలో పెట్టింది. దర్శకుడు రస్టీ కండీఫ్, డారిన్ స్కాట్‌తో కలిసి రాశాడు. స్పైక్ లీ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. ‘హుడ్’ అనే మాటను మన ‘వాడ’తో పోల్చవచ్చు. బయటివాళ్ల నోట అది చిన్నచూపు, లోపలివాళ్ల నోట సొంతదనం.

జాతి వివక్ష మీద హారర్ అనగానే ఇప్పుడు అందరూ జోర్డన్ పీల్ 2017లో తీసిన ‘గెట్ అవుట్’ పేరే చెబుతారు. మా చర్చల్లోనూ అంతే. దానికి 22 ఏళ్ల ముందే కండీఫ్ సినిమా ఒక మాట సూటిగా చెప్పింది: నల్లజాతి మనిషికి చచ్చినవాళ్ల భయం కంటే బతికున్నవాళ్ల భయమే ఎక్కువ. అసలు ఈ ఆలోచనకు బీజం 1968లోనే ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’లో పడింది. అందులో నల్లజాతి హీరో బెన్ రాత్రంతా నడిచే శవాలతో పోరాడి బతుకుతాడు. తెల్లారాక తుపాకులతో వచ్చిన తెల్లవాళ్ల గుంపు అతన్ని కూడా శవమే అనుకుని కాల్చేస్తుంది. కొక్కేలతో లాక్కెళ్లి మంటలో వేస్తుంది.

ఇక కండీఫ్ కథలు. లాస్ ఏంజెలెస్‌లో సిమ్స్ అనే వృద్ధుడు అంత్యక్రియలు జరిపించే ఫ్యూనరల్ హోమ్ నడుపుతుంటాడు. దొరికిన డ్రగ్స్ తన దగ్గర ఉన్నాయని చెబితే కొనడానికి ముగ్గురు కుర్రాళ్లు వస్తారు. అతను ఒక్కో శవపేటిక దగ్గర ఆగి, లోపలున్న మనిషి కథ చెబుతాడు. సిమ్స్‌గా క్లారెన్స్ విలియమ్స్ కళ్లు పెద్దవి చేసి మాట్లాడే తీరు కోసమైనా ఈ సినిమా చూడవచ్చు.

మొదటి కథే అన్నిటికంటే బలమైనది. పోలీసుల అవినీతిని బయటపెడుతున్న నల్లజాతి నాయకుడు మూర్‌హౌస్‌ను ముగ్గురు తెల్లజాతి పోలీసులు రోడ్డు మీద ఆపి చితకబాదుతారు. హెరాయిన్ ఎక్కించి, కారులో పెట్టి నీళ్లలోకి తోసేస్తారు. మాదకద్రవ్యాల మనిషి అని ముద్ర కూడా వేస్తారు. ప్రాణం తీసినా చాలదు, పేరు కూడా తీయాలి. అక్కడే క్లారెన్స్ అనే నల్లజాతి పోలీసు ఉంటాడు, ఉద్యోగంలో అదే మొదటి రాత్రి. చూస్తాడు, నోరు మెదపడు. ఏడాది తర్వాత, ఉద్యోగం వదిలి తాగుడులో పడ్డ అతనికి చనిపోయిన మనిషి గొంతు వినిపిస్తుంది: వాళ్లను నా దగ్గరికి తీసుకురా అని. తీసుకెళ్తాడు. ఆ ముగ్గురిలో ఒకడు సమాధి మీద మూత్రం పోస్తాడు. సమాధి లేస్తుంది.

ఈ కథకు వెనక 1991 మార్చి 3న లాస్ ఏంజెలెస్ పోలీసులు రాడ్నీ కింగ్‌ను కొట్టిన ఘటన ఉంది. వీడియో సాక్ష్యం లోకమంతా చూసింది. అయినా 1992 ఏప్రిల్ 29న, ఒక్క నల్లజాతి సభ్యుడూ లేని జ్యూరీ నలుగురు పోలీసులనూ దాదాపు అన్ని అభియోగాల నుంచి వదిలేసింది. నగరం తగలబడింది, 50 మందికి పైగా చనిపోయారు. కోర్టు చేయని పనిని సినిమాలో శవం చేస్తుంది. మనకిది పరాయి కథేమీ కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి నీళ్లలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. చుండూరు మృతుల్ని ఊరి నడిబొడ్డున పాతిపెట్టి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నాం. సమాధి మాట్లాడాలన్న కోరిక ఎక్కడి నుంచి వస్తుందో వివరించడానికి మాకు సినిమా సిద్ధాంతాలు అక్కర్లేదు.

కానీ కండీఫ్ పగ తీరడం దగ్గర ఆగడు. ముగ్గురూ చచ్చాక శవం క్లారెన్స్ వైపు తిరుగుతుంది. నాకు నువ్వు అవసరమైనప్పుడు ఎక్కడున్నావని అడుగుతుంది. చివరికి ఆ హత్యల నేరం మీద పడి క్లారెన్స్ పిచ్చాసుపత్రిలో తేలతాడు. యూనిఫాం వేసుకుని, కుర్చీ ఎక్కి, మనవాళ్ల మీద దెబ్బ పడుతుంటే పక్కకు చూసే మనవాడి గురించి ఇంత నిష్ఠూరంగా అడిగిన సినిమాలు తక్కువ.

రెండో కథ చిన్నది. వాల్టర్ అనే బడిపిల్లాడు రాత్రిపూట వచ్చే రాక్షసుడి బొమ్మ గీస్తాడు. ఆ రాక్షసుడు తల్లి ప్రియుడే. హాస్యనటుడిగా పేరున్న డేవిడ్ అలన్ గ్రియర్‌ను ఆ పాత్రలో పెట్టడం దెబ్బకొట్టే ఎంపిక. పోలీసు హింస పక్కనే ఇంటి హింసను నిలబెట్టడం ఆంథాలజీ రూపం వల్లే సాధ్యమైంది. ఒకే కథలో ఇరికిస్తే ఒకటి రెండోదానికి సాకు అయిపోయేది.

మూడో కథలో డ్యూక్ మెట్జర్ అనే మాజీ క్లాన్ సభ్యుడు గవర్నర్ పదవికి పోటీ చేస్తూ, ఒకప్పటి బానిసల యజమాని బంగళాలో ఆఫీసు పెడతాడు. అక్కడ చంపబడిన బానిసల ఆత్మలు చిన్న బొమ్మల్లో ఉంటాయి. ఆ పేరులో డేవిడ్ డ్యూక్, టామ్ మెట్జర్ అనే ఇద్దరు నిజమైన జాత్యహంకార నాయకులున్నారు. డ్యూక్ 1991లో లూసియానా గవర్నర్ ఎన్నికలో ఓడినా తెల్లజాతి ఓట్లలో ఎక్కువ భాగం అతనికే పడ్డాయి. సినిమాలో మెట్జర్ చివరికి జాతీయ జెండా చుట్టుకుని ప్రాణం కాపాడుకోబోతాడు. ఆ దృశ్యం తెలుగు ప్రేక్షకుడికి వివరించాల్సిన పని లేదు.

నాలుగో కథ దగ్గరే మాకు పేచీ. క్రేజీ కే అనే గ్యాంగ్ కుర్రాడికి జైల్లో ‘చికిత్స’ చేస్తారు. పక్క గదిలో తెల్లజాతి ఉన్మాది, నువ్వు నల్లవాళ్లను చంపుతున్నావు కాబట్టి నువ్వు నాకు ఇష్టం అంటాడు. తర్వాత ఆ కుర్రాడిని కట్టేసి, లించింగ్ ఫొటోలనూ గ్యాంగ్ హత్యలనూ కలిపి చూపిస్తారు. లోపలి హింసను దాచకపోవడం ధైర్యమే. అంబేడ్కర్ మెట్ల అసమానత అన్నదాన్ని చదివిన మనకు, అణగారినవాడు తన పక్కవాడిని తొక్కే సంగతి తెలుసు. అయితే తుపాకీ, డ్రగ్స్ ఆ బస్తీకి ఎలా చేరాయి, పని ఎందుకు లేదు అన్న ప్రశ్నలు కథలో లేవు. పైగా బయటి కథలో ఆ ముగ్గురు కుర్రాళ్లు ఎప్పుడో చచ్చారని, సిమ్స్ సాతాను అని తేలుతుంది. ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’ మలుపే ఇది. కానీ అంత జాత్యహంకారాన్ని చూపించి, చివరి నరకాన్ని పేద కుర్రాళ్లకు రాసిపెట్టడం మాకు మింగుడుపడలేదు. నాలుగు కథల్లో ఒక్కదానికీ స్త్రీ కేంద్రం కాదన్నది మరో లోటు.

2018లో, 2020లో రెండు సీక్వెల్స్ వచ్చాయి, మొదటిదాని స్థాయి లేదు. రెండో భాగంలో 1955లో మిసిసిపీలో హత్యకు గురైన 14 ఏళ్ల ఎమెట్ టిల్ పాత్రగా వచ్చే ‘ది శాక్రిఫైస్’ మాత్రం చూడాలి. నల్లజాతి హారర్ చరిత్రకు 2019 నాటి ‘హారర్ నోయిర్’ డాక్యుమెంటరీ, దానికి ఆధారమైన రాబిన్ మీన్స్ కోల్‌మన్ పుస్తకం మంచి దారి.

మన హారర్‌లో ఇంకా భయపెట్టేది చేతబడి చేసేవాడే. బాణామతి నెపంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కట్టేసి కొట్టారు, పళ్లు పీకారు, చంపారు. కెమెరా ఆ కట్టేసిన మనిషి వైపు నుంచి గుంపును చూసే కథ ఎవరైనా రాయాలి. మలయాళంలో 2024లో వచ్చిన ‘భ్రమయుగం’ కులాన్నీ అధికారాన్నీ ఒకే పాడుబడ్డ ఇంట్లో బంధించి, ఆ వైపు ఒక అడుగు వేసింది.

హాస్టళ్లలో, సంఘాల్లో ‘టేల్స్ ఫ్రమ్ ది హుడ్’ ప్రదర్శించేవాళ్లకు ఒక సూచన. నాలుగో కథలోని లించింగ్ ఫొటోలు నిజమైనవి. ఆ సంగతి ముందే చెప్పండి. చర్చకు మొదటి కథ తర్వాతే ఒకసారి లైట్లు వేయండి.