టి.ఐ-58, టి.ఐ-59 కాలిక్యులేటర్లు

టి.ఐ-58, టి.ఐ-59 అనేవి అమెరికాకు చెందిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1977లో విడుదల చేసిన ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్లు. 1979లో టి.ఐ-58సి అనే మరొక రూపం వెలువడింది. మూడూ చూడడానికి దాదాపు ఒకే విధంగా ఉంటాయి. ముఖ్యమైన తేడా మెమరీలో ఉంది.

పోలికలు

మూడింటికీ ఎర్రని ఎల్.ఇ.డి. అంకెలు, రీఛార్జి చేయగల నికెల్-కాడ్మియం బ్యాటరీ, సిద్ధంగా ఉన్న ప్రోగ్రాములు గల రామ్ కాని రోమ్ మాడ్యూలును వెనుకవైపు అమర్చే వీలు ఉన్నాయి.

తేడాలు

* టి.ఐ-58: గరిష్ఠంగా 480 ప్రోగ్రాము స్టెప్పులు లేదా 60 సంఖ్యలు పడతాయి. ఆపివేయగానే అంతా చెరిగిపోతుంది. ప్రోగ్రామును మరల మీటలు నొక్కి ఎక్కించవలసిందే.
* టి.ఐ-59: 960 స్టెప్పులు లేదా 100 సంఖ్యలు పడతాయి. దీని మెమరీ కూడా చెరిగిపోతుంది. అయితే ప్రోగ్రామును అయస్కాంత కార్డుపై దాచుకోవచ్చు. కార్డుకు ఒక్కొక్క వైపు 240 స్టెప్పులు పడతాయి కనుక పూర్తి మెమరీకి రెండు కార్డులు కావాలి.
* టి.ఐ-58సి: సామర్థ్యం టి.ఐ-58 అంతే. కార్డు సౌకర్యం లేదు. కాని ఆపివేసినా బ్యాటరీ శక్తితో మెమరీ నిలిచి ఉంటుంది.

స్టెప్పులకు, సంఖ్యలకు మెమరీ ఒక్కటే. ఒక సంఖ్యకు 8 స్టెప్పుల చోటు పడుతుంది.