అరచేతిలో అద్దం

మొన్న మాఘమాసంలో మా ఆడపడుచుగారి గృహప్రవేశానికి వెళ్ళాం. తీరా పాలు పొంగించే వేళకి మా మనవరాలు కనిపించలేదు. పదో తరగతి చదువుతోంది లెండి, మా అమ్మాయి కూతురు. వెతగ్గా వెతగ్గా డాబా మీద దొరికింది. పిట్టగోడకి జేరబడి, ఫోను చెయ్యి బారన ఎత్తిపట్టుకుని, మెడ అటు వంచీ ఇటు వంచీ తన ఫొటో తనే తీసుకుంటోంది. నేను నిలబడ్డ పావుగంటలో నలభై పైచిలుకు తీసింది. ఒక్కటి ఉంచి తక్కినవన్నీ చెరిపేసింది. పోనీ ఆ ఒక్కదాన్నైనా ఉన్నదున్నట్టు ఉంచిందా? వేలితో ఏదో నొక్కింది. ముక్కు సన్నబడింది, కళ్ళు చేరడేసి అయ్యాయి, చామనచాయ కాస్తా దొరసాని రంగైంది.

"ఇదెవరే?" అన్నాను.

"నేనే అమ్మమ్మా. ఫిల్టర్ పెట్టాను."

"మరి మా అమ్మ ముక్కు నీకొచ్చిందని మేమంతా మురిసిపోతూంటే, దాన్నేం చేశావే?"

"అదే కదా బాధ!" అనేసి చక్కాపోయింది.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. కోపం వచ్చిందని కాదు. సరిగ్గా ఇలాంటి ఫొటో ఒకటి మా పుట్టింటి ట్రంకుపెట్టె అడుగున ఉంది. ఆ సంగతి చివర్లో చెబుతాను. అంతకుముందు, మన మొహం మన చేతుల్లోంచి ఊరందరి చేతుల్లోకి ఎలా వెళ్ళిందో, ఆ కథ కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలి.

మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీనదయాళ్, రూర్కీలో చదువుకుని ఇండోరులో సర్కారు కొలువు చేశారు. కెమెరా మీద మక్కువతో ఆ కొలువు వదిలి, సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫరుగా ఉంచుకుని 'రాజా' బిరుదు ఇచ్చారు. దర్బారులూ, వేటలూ, మేడలూ ఆయన తీసినవి మీరూ చూసే ఉంటారు. నాకు వాటన్నిటికన్నా ముచ్చటైన సంగతి మరొకటి ఉంది. 1892లో ఆయన హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచారు, అంటే ఘోషా స్త్రీలకి ప్రత్యేకం. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల పనిచేసేదంతా ఆడవాళ్ళే. దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు దొరసాని.

ఒక్కసారి ఊహించుకోండి. పల్లకీలోనో పరదా బండిలోనో వచ్చిన బేగంసాహెబా కెమెరా ఎదుట ముసుగు తీస్తుంది. ఆ ఫొటో ఆవిడ ఇంటికి వెళుతుంది. ఇంట్లో ఎవరు చూడాలో, ఎవరు చూడకూడదో వాళ్ళే నిర్ణయించుకుంటారు. ఆ నిర్ణయం ఆవిడదో, ఆవిడ భర్తదో, అది వేరే తగువు. ఏదైతేనేం, ఆవిడ తన మొహాన్ని కెమెరాకి ఇచ్చిందే గాని లోకానికి ఇవ్వలేదు.

లోకానికి మొహం ఇవ్వడం అప్పటికి వేరే వృత్తి. దానికి పుట్టిల్లు పారిస్. చార్లెస్ వర్త్ అనే ఇంగ్లీషాయన అక్కడ ఓ బట్టల కొట్లో పనిచేసేవాడు. మరీ వెర్నే అని అదే కొట్లో ఓ పిల్ల. కొనవచ్చిన రాణులకీ జమీందారిణులకీ శాలువాలు ఆ పిల్ల భుజాన వేసి చూపించేవాడు. బల్లమీద మడతపెట్టి ఉన్న శాలువాకన్నా మనిషి భుజాన ఉన్న శాలువా తొందరగా అమ్ముడుపోతుందని ఆయన కనిపెట్టాడు. ఆ పిల్లని పెళ్ళాడాడు, 1858లో సొంత దుకాణం పెట్టాడు, ఫ్యాషన్ వ్యాపారానికే మూలపురుషుడయ్యాడు. మొట్టమొదటి మోడల్ మరీ వెర్నేయేనని చెబుతారు. అప్పట్లో ఆ పని చేసేవాళ్ళని 'మానెకిన్' అనేవారు. కొట్లో గుడ్డలు తొడిగి నిలబెట్టే బొమ్మకీ అదే పేరు! చీర పేరు అడిగేవారు గాని బొమ్మ పేరెవరడుగుతారు?

1923లో న్యూయార్కులో జాన్ పవర్స్ అనే ఆయన మోడళ్ళకి ఏజెన్సీ పెట్టాక వాళ్ళకి పేరూ వచ్చింది, కొలతలూ వచ్చాయి. ఎత్తింత, నడుమింత, జుట్టు రంగిది అని ఫొటోలతో పుస్తకం అచ్చువేసి వ్యాపారులకి పంపేవారు. పెళ్ళిళ్ళ పేరయ్య సంచీలో జాతకాలున్నట్టు. ఆ కొలతలకి సరిపోనివాళ్ళకి గుమ్మంలోకి ప్రవేశం లేదు.

మన దేశంలో ఆ పని చాలాకాలం సినిమా తారలే చేసిపెట్టారు. 1941లో లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించింది. ఆ వెనక ఎంతమంది తారలు అదే సబ్బుతో తోముకున్నారో లెక్కలేదు. మనకేమో వారపత్రికల అట్టమీద బొమ్మలుండేవి. వడ్డాది పాపయ్యగారి పసుపువన్నె అమ్మాయిలు, బాపుగారి వాలుజడ అమ్మాయిలు. "బాపు బొమ్మలా ఉంది" అంటే పెళ్ళికూతురికి అంతకుమించి కితాబు లేదు. ఆ నడుము ఏ తల్లి కన్నబిడ్డకీ ఉండదు. ఆ సంగతి మనకీ తెలుసు. బొమ్మ బొమ్మే, మనం మనమే. జడగంటలు లేవే అని ఓ నిట్టూర్పు విడిచి, పత్రిక పక్కింటి పిన్నిగారికిచ్చి, అన్నం వార్చుకునేవాళ్ళం.

ఇంకో సంగతి. ఆ వేదిక ఎక్కినవాళ్ళు దిగడానికి మెట్లుండేవి. 1966లో మన దేశానికి మొదటిసారి ప్రపంచసుందరి కిరీటం తెచ్చిన రీటా ఫారియా వైద్య విద్యార్థిని. ఏడాది ఆ ముచ్చట తీర్చుకుని, పోయి డాక్టరీ పూర్తిచేసుకుంది. మెడలో స్టెతస్కోపు వేసుకున్నాక ఆవిడ నడుము కొలత ఎవరిక్కావాలి?

1990 వచ్చేసరికి ఈ వృత్తి ఆకాశానికి అంటింది. రోజుకి పదివేల డాలర్లకి తక్కువైతే తాము నిద్రే లేవమంది కెనడా మోడల్ లిండా ఇవాంజెలిస్టా. (మనం పాలవాడు గంట కొడితే లేస్తాం. జీతం సంగతి అడక్కండి.) మన దగ్గర 1994లో సుస్మితాసేన్ మిస్ ఇండియా అయింది. పుట్టింది హైదరాబాదులోనే. ఆనాటి గౌను ఢిల్లీ సరోజినీనగర్ బజారులో గుడ్డ కొని మామూలు దర్జీచేత కుట్టించుకున్నదనీ, చేతి తొడుగులు మేజోళ్ళు కత్తిరించి చేసుకున్నవనీ తర్వాత ఆవిడే టీవీలో చెప్పుకుంది. అయినా ఆ గుమ్మం దాటాలంటే లోపల కూర్చున్న నలుగురు తల ఊపాలి. సంపాదకుడో, ఏజెన్సీవాళ్ళో, న్యాయనిర్ణేతలో.

2010లో ఆ గుమ్మమే ఊడిపోయింది. జూన్‌లో వచ్చిన ఐఫోనుకి మొహం వైపూ ఒక కెమెరా పెట్టారు. అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్ పుట్టింది. ఒకటి అద్దం, ఒకటి వీధి అరుగు. రెండూ ఒకే ఏడు రావడం యాదృచ్ఛికమే కాబోలు గాని, కలిసి చేసిన పని చిన్నది కాదు. మూడేళ్ళు తిరిగేసరికి, 2013లో, 'సెల్ఫీ'ని ఆ ఏటి మాటగా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువారు ఎంచుకున్నారు.

ఇందులో మంచి లేదనను. అలా అంటే కళ్ళు పోతాయి. కెనడాలో విన్నీ హార్లో అనే అమ్మాయికి ఒంటిమీద బొల్లి మచ్చలు. బళ్ళో పిల్లలు ఏడిపించేవారు. ఆ అమ్మాయి ఫొటోలు టైరా బ్యాంక్స్ ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి, 2014లో తన మోడలింగ్ పోటీకి పిలిచింది. ఆ మచ్చలతోనే ఇవాళ ఆవిడ పేరున్న మోడల్. పాత ఏజెన్సీ పుస్తకంలో ఆ మొహానికి పేజీ ఉండేదా?

ఉత్తరప్రదేశ్‌లో బాగ్‌పత్ జిల్లా బర్నావా పల్లెనుంచి నాన్సీ త్యాగి సివిల్స్ పరీక్షకి చదువుకుందామని ఢిల్లీ వచ్చింది. కరోనా వచ్చి చదువు మూలపడితే కుట్టుమిషను ముందు కూర్చుంది. గజాల లెక్కన గుడ్డ కొనడం, కత్తిరించి కుట్టడం, తొడుక్కుని చూపించడం, అన్నీ వీడియోలు తీసి పెట్టింది. 2024లో కాన్ చలనచిత్రోత్సవంలో ఎర్రతివాచీ మీద నడిచింది. ఆ గులాబీరంగు గౌను తనే కుట్టుకుంది. వెయ్యి మీటర్ల గుడ్డ, ముప్ఫై రోజుల పని, ఇరవై కిలోల పైన బరువు అని తనే చెప్పింది. కుట్టుమిషను తొక్కినవాళ్ళకి తెలుస్తుంది అదెంత నడుంనొప్పో.

ఇక మన గంగవ్వ. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూలికి పోయి, బీడీలు చుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. 'మై విలేజ్ షో' వీడియోల్లో తన యాసలో తను మాట్లాడింది, అంతే. 2020లో బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్ళి, ఆరోగ్యం సరిపడక మధ్యలో వచ్చేసినా, ఊళ్ళో సొంత ఇల్లు కట్టుకుంది. ముడతలు దాచలేదు, రంగు మార్చలేదు. గంగవ్వకి ఫిల్టర్ పెడితే ఎవరు చూస్తారు చెప్పండి!

మరి ఇంత మంచి జరిగితే నాకెందుకీ బెంగ అంటారా? గుమ్మం ఊడితే లోపలికి వెళ్ళడమే కాదు, బయటికి రావడం కూడా పోయింది. లోపలేదో బయటేదో తెలియదు. మోడల్ చేసే పని, అంటే కడుపు బిగబట్టడం, వెలుతురు వెతుక్కోవడం, చూసేవాడి మెప్పుకోసం ఎదురుచూడడం, ఇప్పుడు పదో తరగతి పిల్ల రోజూ చేస్తోంది. డబ్బివ్వరు. ఎర్రగుండెలు ఇస్తారు, లెక్కపెట్టి మరీ. అట్టమీద అమ్మాయిని చూసి నిట్టూర్చడం మనకి అలవాటే. పక్కబెంచీ పిల్లని, తన క్లాసు పిల్లని చూసి నిట్టూర్చడం వేరు. అది బొమ్మని సరిపెట్టుకునే వీలు దీనికి లేదు.

ఇది ముసలమ్మ చాదస్తం కాదండీ. ఆ కంపెనీ వాళ్ళే లోపల్లోపల వాకబు చేసుకున్నారు. తమ ఒళ్ళు తమకి నచ్చక బాధపడే టీనేజి ఆడపిల్లల్లో నూటికి 32 మంది, ఇన్‌స్టాగ్రామ్ చూశాక ఆ బాధ ఇంకా పెరిగిందన్నారట. ఫ్రాన్సిస్ హౌగెన్ అనే ఉద్యోగిని కాగితాలు బయటపెట్టబట్టి 2021లో లోకానికి తెలిసింది. పదివేల డాలర్ల లిండాయే ఆ సెప్టెంబరులో అదే ఇన్‌స్టాగ్రామ్‌లో ఓ ఉత్తరం రాసింది. ఒంట్లో కొవ్వు తగ్గడానికి చల్లదనంతో చేసే ఓ చికిత్స చేయించుకున్నానని, అది వికటించి ఒళ్ళు రూపు చెడిందని, అందుకే ఏళ్ళతరబడి ఇల్లు కదల్లేదని. లోకమంతా ఎవరి మొహం చూసి నిట్టూర్చిందో, ఆవిడే తన మొహం దాచుకుంది. ఆ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను.

సర్కారులూ కాస్త కదిలాయి. ఒళ్ళు సన్నగానో లావుగానో కనిపించేలా దిద్దిన ప్రకటన ఫొటోకి 'దిద్దినది' అని రాయాలని ఫ్రాన్సు 2017 నుంచి నియమం పెట్టింది. 2021లో నార్వే చట్టం చేసి, సోషల్ మీడియాలో డబ్బు తీసుకుని ప్రకటనలు చేసేవాళ్ళనీ అందులో చేర్చింది. మన దగ్గర 1975 నుంచి అమ్ముడైన 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసుకుంది. క్రీము ఉంది, ట్యూబు ఉంది. కోరిక మాత్రం ఎక్కడికి పోతుంది?

సరే, ట్రంకుపెట్టె సంగతి.

గృహప్రవేశం నుంచి వచ్చాక మనవరాలిని కూర్చోబెట్టి ఆ ఫొటో తీశాను. మా అమ్మ పెళ్ళికి ముందు బందరులో తీయించింది. కుర్చీ, పూలకుండీ, వెనక రంగుల తెర. అప్పటి స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో గీసేవారు. గీసిన మేర ప్రింటులో తెల్లగా వస్తుంది. మచ్చలు పోతాయి, చెంపలు నున్నబడతాయి, రంగు తేలుతుంది. అలా దిద్దిన ఫొటో కవరులో పెట్టి మగపెళ్ళివారికి పంపారు. వాళ్ళు చూపులకి వచ్చి, కాఫీలు తాగి, మా నాన్న మేనత్త అందరి ఎదుటా, "ఫొటోలో పిల్ల ఎర్రగా ఉందే!" అందిట.

పెళ్ళి ఆగలేదు. మా నాన్న మంచివాడు. కాని ఎనభై రెండేళ్ళ వయసులో మా అమ్మ ఆ మాట నాకు చెబుతూ గొంతు తగ్గించింది, ఆ మేనత్త పక్కగదిలో ఉన్నట్టు. ఆవిడ పోయి అప్పటికి యాభై ఏళ్ళు. ఆ ఫొటో గోడకి ఎక్కకపోవడానికి కారణం నాకు ఆనాడు తెలిసింది.

ఇదంతా విని మనవరాలు చాలాసేపు మాట్లాడలేదు. ఫొటోనే చూస్తూ కూర్చుంది.

"రంగు మార్చారు గాని ముక్కు మార్చలేకపోయారు కదూ?" అంది చివరికి.

"పెన్సిలుతో అంతవరకే వీలవుతుంది."

అది ఫొటోని ఇంకాస్త దగ్గరికి తీసుకుని, అలవాటుకొద్దీ అట్టమీద రెండు వేళ్ళు ఆనించి విప్పబోయింది. ముక్కు పెద్దదవలేదు. తను చేసిన పని తనకే తెలిసి ఫక్కున నవ్వింది. నవ్వితే ఆ ముక్కు కాస్త పక్కకి వంగుతుంది, అచ్చం మా అమ్మకి వంగినట్టే.