ఓటమిని నిర్ణయించేది ఎవరు? : 2016-17 లెత్వే పోటీల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

మయన్మార్ దేశపు సంప్రదాయ ముష్టియుద్ధం లెత్వే. ఇందులో యోధులు గ్లవ్స్ లేకుండా తలపడతారు. 2016 అక్టోబరు నుంచి 2017 నవంబరు వరకు జరిగిన వృత్తిస్థాయి పోటీలు ఈ క్రీడాచరిత్రలో ఒక మలుపు. పాయింట్లు లేని పాత నియమావళి, పాయింట్లతో కూడిన కొత్త నియమావళి ఈ కాలంలోనే ఒకదాని పక్కన ఒకటి నిలిచాయి. దీనిని సంప్రదాయానికీ ఆధునికతకూ మధ్య ఘర్షణగా చూడటం పరిపాటి. అవి నిజానికి రెండు వేర్వేరు కాలాల ఆధునికతలని, వాటి మధ్య అసలు వివాదం ఓటమిని నిర్ణయించే అధికారం గురించినదని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లెత్వే, మయన్మార్, క్రీడాచరిత్ర, నియమావళి, సంప్రదాయం, ప్రసారమాధ్యమాలు.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారికి బర్మా అనగానే 'రంగం' గుర్తుకు వస్తుంది. పందొమ్మిదో శతాబ్ది చివరి దశకాల నుంచి కాకినాడ, విశాఖపట్నం రేవుల మీదుగా ఓడలెక్కి రంగూన్ బియ్యపు మిల్లులకు, ఓడరేవులకు వెళ్ళిన కూలీల చరిత్ర మన పరిశోధనలలో కొంత నమోదయింది. ఆ దేశపు ప్రజాక్రీడల పరిశీలన మాత్రం అంతగా సాగలేదు. క్రీడను వినోదంగా మాత్రమే చూసే అలవాటు ఇందుకు ఒక కారణం. ఏ సమాజమైనా గెలుపును, ఓటమిని, న్యాయాన్ని ఎలా ఊహించుకుంటుందో దాని క్రీడానియమాలలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ దృష్టితో చూస్తే లెత్వే విలువైన చారిత్రక ఆధారం.

లెత్వేలో యోధుని చేతులకు కట్టుగుడ్డ, టేపు మాత్రమే ఉంటాయి. పిడికిళ్ళు, మోచేతులు, మోకాళ్ళు, పాదాలు అనే ఎనిమిది ఆయుధాలకు తోడు తలతో కుమ్మడం కూడా ఇందులో అనుమతించిన దెబ్బే. అందుకే దీనిని 'నవాంగ విద్య'గా పేర్కొంటారు. బరిలోకి దిగిన యోధుడు ఒక చేతిని మడిచి, రెండో అరచేతితో దానిపై చరుస్తూ ప్రత్యర్థిని సవాలు చేస్తాడు. 'లెఖమౌన్' అనే ఈ చర్య మన పురాణ మల్లుల 'జబ్బ చరచడం' వంటిదే. పోటీ సాగినంతసేపూ మన సన్నాయిని పోలిన 'హ్నె', డప్పులు, తాళాలు మోగుతూనే ఉంటాయి.

2. పొలం పనులు, పండుగల బరి:

లెత్వేకు బలమైన పునాది మయన్మార్ ఆగ్నేయ భాగంలోని మోన్, కరెన్ ప్రాంతాలలో ఉంది. అక్కడ పోటీలు పగోడా ఉత్సవాలలోను, కొత్త సంవత్సర వేడుకలలోను భాగంగా జరిగేవి. వానలు తగ్గి, కోతలు పూర్తయి, ఊరిలో ధాన్యమూ తీరికా ఉన్న నెలలే లెత్వేకు అనువైన కాలం. పూర్వం బరి అంటే ఇసుక పరచిన నేల. యోధులలో చాలామంది రైతు, కూలీ కుటుంబాల వారు.

ఈ నేపథ్యం నియమాల స్వభావాన్ని కొంతవరకు వివరిస్తుంది. ఉత్సవంలో తలపడిన ఇద్దరు యువకులు తరువాతి ఉత్సవంలో మళ్ళీ ఎదురుపడతారు. ఇద్దరూ కడవరకు నిలబడితే ఇద్దరి ఊళ్ళ గౌరవమూ నిలబడుతుంది. 'ఎవరు కొంచెం మెరుగు' అన్న ప్రశ్న అక్కడ అవసరమైనది కాదు. 'పడ్డాడా, నిలిచాడా' అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం ప్రేక్షకులందరి కంటికీ ఒకేలా కనిపిస్తుంది.

3. 'సంప్రదాయ' నియమాల చరిత్ర:

లెత్వే వేయి సంవత్సరాల నాటిదని ప్రచారంలో తరచు వినిపిస్తుంది. బగాన్ ఆలయాలలో కనిపించే పోరాట శిల్పాలను, చిత్రాలను ఇందుకు సాక్ష్యంగా చూపుతారు. ద్వంద్వయుద్ధం ఆ నేలపై ప్రాచీనమైనదని చెప్పడానికి ఆ చిత్రాలు చాలు. అయితే ఒక శిల్పంలోని భంగిమ ద్వారా ఒక నియమావళి అవిచ్ఛిన్నతను నిరూపించలేము. పొరుగునున్న థాయ్, ఖ్మేర్, లావో సమాజాలలో కూడా ఇటువంటి యుద్ధవిద్యలున్నాయి. ఆనాటి రాజ్యాల సరిహద్దులు నేటి దేశాల సరిహద్దులు కావు. కాబట్టి ఆ చిత్రాలను ఏ ఒక్క దేశపు క్రీడకో పుట్టుకపత్రంగా చదవడం జాతీయతా దృష్టే అవుతుంది.

నేడు 'సంప్రదాయ నియమాలు'గా వ్యవహరించేవి ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగంలో రూపుదిద్దుకున్నాయి. ఇందులో ప్రధానపాత్ర క్యార్ బ న్యేన్‌ది. ఆయన 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో బర్మా తరఫున బాక్సింగ్‌లో పాల్గొన్నాడు. స్వదేశంలో, ముఖ్యంగా మోన్, కరెన్ ప్రాంతాలలో తిరిగి గ్రామీణ పోటీలను పరిశీలించాడు, యువకులకు శిక్షణ ఇచ్చాడు, నియమాలను క్రోడీకరించాడు. లెత్వే ఇసుకనేల నుంచి తాళ్ళు కట్టిన బరిలోకి మారడం ఆ క్రమంలో భాగమే. 1948లో స్వాతంత్ర్యం పొందిన దేశం తనదైన జాతీయక్రీడను తీర్చిదిద్దుకున్న సందర్భం అది. ఒలింపిక్ బాక్సింగ్ నుంచి రౌండ్లు, రిఫరీ, లెక్కింపు వచ్చాయి. పాయింట్లు మాత్రం రాలేదు. ఈ ఎంపిక గమనించదగినది.

ఆ నియమావళి సారాంశం ఇది: మూడు నిమిషాల చొప్పున ఐదు రౌండ్లు. నేలకూలిన యోధునికి రెండు సెకన్లకు ఒక అంకె చొప్పున పది వరకు లెక్కిస్తారు. అంటే లేవడానికి ఇరవై సెకన్లు. ఒక పోటీలో ఒకసారి, చివరి రౌండులో తప్ప, రెండు నిమిషాల ప్రత్యేక విరామం కోరవచ్చు. స్పృహ తప్పిన యోధుణ్ని కూడా అతని పక్షంవారు ఆ వ్యవధిలో తేర్చి తిరిగి నిలబెట్టవచ్చు. ఐదు రౌండ్లు ముగిసే సరికి ఇద్దరూ నిలబడి ఉంటే పోటీ డ్రా. దెబ్బలెన్ని తగిలాయన్న గణనకు ఇందులో చోటు లేదు.

4. 2016 - తెరుచుకున్న దేశం:

దశాబ్దాల సైనికపాలనలో లెత్వే దేశం లోపలి క్రీడగానే ఉండిపోయింది. 2011 తరువాత రాజకీయ సడలింపు మొదలయింది. 2014లో విదేశీ టెలికాం సంస్థల ప్రవేశంతో సిమ్ కార్డుల ధర సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. 2015 నవంబరు ఎన్నికలలో నేషనల్ లీగ్ ఫర్ డెమోక్రసీ గెలిచి, మరుసటి సంవత్సరం ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసింది. 2016 అక్టోబరు 7న అమెరికా అధ్యక్షుడు ఒబామా మయన్మార్‌పై ఆంక్షల వ్యవస్థను ముగించే ఉత్తర్వుపై సంతకం చేశాడు.

సరిగ్గా రెండు రోజుల తరువాత, అక్టోబరు 9న, యాంగోన్‌లో మోన్ జాతీయుడైన విజేత టున్ టున్ మిన్‌తో కెనడా యోధుడు డేవ్ లెడ్యూక్ తలపడ్డాడు. ఐదు రౌండ్లు పూర్తయ్యాయి, ఇద్దరూ నిలబడ్డారు, పోటీ డ్రా అయింది. డిసెంబరు 11న థెయిన్‌బ్యూ స్టేడియంలో ఇద్దరూ మళ్ళీ ఎదురుపడ్డారు. మూడవ రౌండులో టున్ టున్ మిన్ పోరాటం కొనసాగించలేకపోయాడు. బరువుతో నిమిత్తం లేకుండా సర్వోన్నతుడికిచ్చే స్వర్ణపు బెల్టు తొలిసారిగా ఒక విదేశీయుని చేతికి వెళ్ళింది.

ఈ ఫలితాన్ని జాతీయ అవమానంగా మాత్రమే చదివితే సగమే అర్థమవుతుంది. లెడ్యూక్ గెలిచినది బర్మా నియమాలతోనే. బరిలో లెఖమౌన్ చేసి, అక్కడి ఆచారాన్ని పాటించి గెలిచాడు. క్రీడ బయటివారి చేతికి వెళ్ళింది కానీ, క్రీడ ధర్మం బయటిది కాలేదు. ఆ ధర్మం మారినది మరుసటి సంవత్సరం, ఆ యాంగోన్‌లోనే.

5. 2017 - రెండు నగరాలు, రెండు నియమావళులు:

ఈ కాలంలో లెత్వే రెండు దిశలలో విస్తరించింది. మొదటిది జపాన్. 2016 అక్టోబరు 27న టోక్యోలో ప్రారంభమైన పోటీల వరుస 2017లోనూ కొనసాగింది. 2017 ఏప్రిల్ 18న కోరకుఎన్ హాల్‌లో లెడ్యూక్ తన బెల్టును నిలబెట్టుకున్నాడు. ఇవి సంప్రదాయ నియమాలతో జరిగాయి.

రెండవది స్వదేశంలోనే వెలసిన వరల్డ్ లెత్వే ఛాంపియన్‌షిప్. 2017 మార్చి 3న థెయిన్‌బ్యూ స్టేడియంలో తొలి పోటీ నిర్వహించి, జూన్, నవంబరు నెలలలో మరి రెండు నిర్వహించింది. ఈ సంస్థ రెండు నిమిషాల ప్రత్యేక విరామాన్ని తొలగించింది. న్యాయనిర్ణేతలను, పాయింట్లను ప్రవేశపెట్టింది. బరువుల వారీగా ఛాంపియన్లను నిర్ణయించింది. ప్రతి పోటీకీ విజేత ఉండాలన్నది దీని మూలసూత్రం.

సాధారణ అంచనాకు ఇది విరుద్ధం. విదేశానికి వెళ్ళిన రూపం పాత నియమాలను కాపాడింది. స్వదేశంలో నిలిచిన రూపం వాటిని మార్చింది. కారణం ప్రేక్షకుల స్వభావంలో ఉంది. టోక్యో ప్రేక్షకుడు హాలుకు వచ్చినది మరెక్కడా దొరకని దానిని చూడటానికి. అతనికి అందించే సరుకు ఆ ప్రత్యేకతే. వరల్డ్ లెత్వే ఛాంపియన్‌షిప్ లక్ష్యం ప్రసారమాధ్యమాలు. అంతర్జాతీయ ప్రసారానికి నిర్దిష్టమైన ఫలితం, ఛాంపియన్ల వరుస, పోల్చదగిన గణాంకాలు కావాలి. గంటల తరబడి ఒకదాని తరువాత ఒకటి డ్రా అయ్యే పోటీలను ఆ ప్రపంచానికి అమ్మడం కష్టం.

జూన్ నెల పోటీకి మరొక ప్రాముఖ్యం ఉంది. యాంగోన్‌లో అది నడివానాకాలం, నాట్ల సమయం. ఉత్సవపు లెత్వేకు తావులేని నెల. పైకప్పు ఉన్న స్టేడియం, టెలివిజన్ షెడ్యూలు కలిసి పోటీని పంటల పంచాంగం నుంచి విడదీశాయి. కోతల తరువాతి రోజులను సూచించిన 'సీజన్' ఇప్పుడు అంకెలు వేసిన కార్యక్రమాల వరుసగా మారింది.

క్రీడాచరిత్రకారుడు అలెన్ గుట్‌మన్ 1978లో ప్రతిపాదించిన సూత్రీకరణలో ఆధునిక క్రీడకు గణన, రికార్డు ముఖ్యలక్షణాలు. ఆ కొలమానంతో చూస్తే 1950ల లెత్వే సగమే ఆధునికం. రౌండ్లను, సెకన్లను లెక్కించింది, యోధుని విలువను లెక్కించలేదు. 2017 ఆ మిగిలిన సగాన్ని పూరించింది. చరిత్రకారునికి దీనివల్ల ఒక విచిత్రమైన లాభం కూడా ఉంది. పాత డ్రా ఏ కాగితాన్నీ మిగల్చదు. అది జ్ఞాపకంలోనే ఉంటుంది. పాయింట్ల పట్టిక పత్రమై మిగులుతుంది.

6. రెండు నిమిషాల విరామం - గౌరవమా, ప్రమాదమా?

కొత్త నియమావళిని వాణిజ్యం సంస్కృతిని మింగివేసిన కథగా చెప్పడం సులభం. ఆ కథనానికి రెండు నిమిషాల విరామం అడ్డు వస్తుంది.

సంప్రదాయవాదుల దృష్టిలో ఈ విరామం లెత్వే ఆత్మ. పడినవాడికి మరో అవకాశం ఉంది. ఓటమిని ఒప్పుకోవాలో లేదో అతడూ అతని పక్షమూ నిర్ణయించుకుంటారు. ఒక్క దెబ్బ అదృష్టం మనిషి శ్రమనంతటినీ తుడిచివేయకూడదన్న న్యాయభావన ఇందులో ఉంది. వైద్యశాస్త్రం వేరే మాట చెబుతుంది. తలకు తగిలిన దెబ్బతో స్పృహ తప్పడం మెదడు గాయపడిందనడానికి చిహ్నం. ఆ స్థితిలో మళ్ళీ దెబ్బ తినడం ప్రాణాంతకం కావచ్చు. గ్లవ్స్ లేని, తలతో కుమ్మే క్రీడలో ఆ ప్రమాదం మరింత తీవ్రం.

ఆ నిర్ణయం నిజంగా యోధునిదేనా అన్న ప్రశ్న కూడా ఉంది. ఇప్పుడే స్పృహలోకి వచ్చిన మనిషి ఇచ్చే సమ్మతికి ఎంత విలువ? ఇంటివారి పోషణ, ఊరి పరువు, వేల గొంతుల కేక అతని బదులు మాట్లాడుతూ ఉండవచ్చు. ఈ ఒక్క విషయంలో కొత్త నియమం యోధుని శరీరం పక్షాన నిలిచింది. డ్రా విషయంలో మాత్రం అది అతని గౌరవాన్ని తగ్గించింది. ఐదు రౌండ్లు నిలబడిన మనిషి ఇప్పుడు కాగితం మీద ఓడిపోవచ్చు. ఈ రెండు మార్పులూ ఒకే మూటగా వచ్చాయి కానీ, వాటి మధ్య తార్కికమైన ముడి ఏదీ లేదు. విరామాన్ని తొలగించి డ్రాను నిలుపుకోవడం సాధ్యమే. ఆ మధ్యమార్గం వరల్డ్ లెత్వే ఛాంపియన్‌షిప్ నియమావళిలో లేకపోవడం వెనుక యోధుల భద్రత కన్నా ప్రసార అవసరమే బలంగా పనిచేసిందని భావించవలసి ఉంటుంది.

7. ఉపసంహారం:

2019 ఆగస్టు 2న మాండలేలో లెడ్యూక్ వరల్డ్ లెత్వే ఛాంపియన్‌షిప్ బరిలో దిగి, అమెరికా యోధుడు సెత్ బజిన్‌స్కీని ఓడించి కొత్త నియమావళిలోనూ ఛాంపియన్ అయ్యాడు. అప్పటికి రెండు నియమావళులూ ఒకే దేశంలో పక్కపక్కన నడుస్తున్నాయి. 2020లో కోవిడ్, 2021 ఫిబ్రవరి 1న సైనిక తిరుగుబాటు ఆ తెరుచుకున్న దశాబ్దాన్ని ముగించాయి.

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. ఒకటి, 2016-17లో ఎదురుపడినవి ప్రాచీనత, ఆధునికత కావు. స్వాతంత్ర్యానంతర జాతినిర్మాణం రూపొందించిన ఒక నియమావళి, తెరుచుకున్న మార్కెట్ రూపొందించిన మరొక నియమావళి. రెండు, వాటి మధ్య తేడా హింస పరిమాణంలో కన్నా అధికారపు స్థానంలో ఉంది. పాత నియమావళి ఓటమిని చెప్పే హక్కును యోధుని శరీరానికీ అతని పక్షానికీ ఇస్తే, కొత్తది న్యాయనిర్ణేత కలానికి ఇచ్చింది. మూడు, ఈ బదిలీని సంపూర్ణ నష్టంగా గానీ సంపూర్ణ లాభంగా గానీ లెక్కించలేము. ప్రజాక్రీడల నియమావళులను ఒక్కొక్క నియమంగా విడదీసి, ప్రతిదానికీ అది ఎవరిని కాపాడుతోంది, ఎవరికి ఉపయోగపడుతోంది అన్న ప్రశ్న వేసినప్పుడే వాటి చరిత్ర స్పష్టమవుతుంది. మన జాతరలలోని కుస్తీ బరుల అధ్యయనానికీ ఈ పద్ధతి పనికివస్తుంది.