యూదుల పంచాంగం

యూదుల పంచాంగం (హీబ్రూ పంచాంగం) బైబిలు పాత నిబంధనలో విధించబడిన పవిత్ర దినాలను నిర్ణయించడానికి యూదులు అనుసరించే చాంద్రసౌరమాన పంచాంగం. ఇందులో నెలలు చంద్రుని గమనాన్ని, సంవత్సరం సూర్యుని గమనాన్ని అనుసరించి ఉంటాయి. ఈ విషయంలో ఇది తెలుగువారి పంచాంగాన్ని పోలి ఉంటుంది. యూదులతో పాటు, బైబిలు పండుగలను ఆచరించే కొన్ని క్రైస్తవ శాఖలు కూడా దీనిని వాడుతున్నాయి. ఆంధ్ర ప్రదేశ్‌లోని గుంటూరు జిల్లాకు చెందిన బెనే ఎఫ్రాయీము సమాజం దీనిని అనుసరిస్తున్న తెలుగు సమాజం.

పవిత్ర దినాలు

లేవీయకాండము 23వ అధ్యాయంలో పండుగల పట్టిక ఉన్నది. వారంలో ఏడవ దినమైన విశ్రాంతిదినం (శనివారం) నెలలతో నిమిత్తం లేకుండా వస్తుంది. తక్కినవి నెల, తేదీలను బట్టి వస్తాయి.

* పస్కా - నీసాను 14 సాయంకాలం
* పులియని రొట్టెల పండుగ - నీసాను 15 నుండి ఏడు దినాలు
* వారముల పండుగ (పెంతెకొస్తు) - పస్కా తరువాత లెక్కించిన 50వ దినం. ప్రస్తుత పంచాంగంలో సీవాను 6
* శృంగధ్వని పండుగ (యూదుల నూతన సంవత్సరాది) - తిష్రీ 1
* ప్రాయశ్చిత్తార్థ దినం - తిష్రీ 10, ఉపవాస దినం
* పర్ణశాలల పండుగ - తిష్రీ 15 నుండి ఏడు దినాలు; ఎనిమిదవ దినం కూడా పవిత్రమే

దినం సూర్యాస్తమయంతో మొదలై మరుసటి సూర్యాస్తమయంతో ముగుస్తుంది. కనుక ఒకే పండుగ వేర్వేరు దేశాలలో వేర్వేరు సమయాలకు ఆరంభమవుతుంది. చిత్తూరు సీమలోని మదనపల్లె, పుంగనూరు, రామసముద్రం ప్రాంతం సుమారు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉన్నది. జెరూసలేము రేఖాంశం 35.2 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కిస్తే, విషువత్తు రోజులలో జెరూసలేము కంటే దాదాపు 2 గంటల 53 నిమిషాలు ముందుగా ఇక్కడ పండుగ ప్రారంభమవుతుంది.

నెలలు

నిర్గమకాండము 12వ అధ్యాయం ప్రకారం ఐగుప్తు నుండి బయలుదేరిన నెల మొదటి నెల. దీనికి పాత పేరు ఆబీబు. ఆబీబు అనగా యవల లేత వెన్ను. బబులోను చెర తరువాత ఆ దేశపు నెలల పేర్లు వాడుకలోకి వచ్చాయి. అవి వరుసగా నీసాను, ఈయారు, సీవాను, తమ్మూజు, ఆబు, ఏలూలు, తిష్రీ, మర్హెష్వాను, కిస్లేవు, తేబేతు, శెబాటు, అదారు. వీటిలో నీసాను, ఏలూలు, కిస్లేవు పేర్లు నెహెమ్యా గ్రంథంలో కనిపిస్తాయి. సంవత్సర సంఖ్య మాత్రం ఏడవ నెలయైన తిష్రీతో మారుతుంది. సృష్టి క్రీ.పూ. 3761లో జరిగినట్లు భావించి ఆ సంఖ్యను లెక్కిస్తారు. 2025 సెప్టెంబరు 22 సూర్యాస్తమయంతో 5786వ సంవత్సరం ఆరంభమైంది.

అధిక మాసం

పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులు. ఇది సౌరసంవత్సరం కంటే 11 రోజులు తక్కువ. సవరణ లేకపోతే పస్కా ఏటేటా వెనుకకు జరిగి చలికాలంలోకి పోతుంది. పస్కా వసంతంలోనే రావాలని ధర్మశాస్త్రం చెబుతున్నది. అందుచేత 19 సంవత్సరాల చక్రంలో 3, 6, 8, 11, 14, 17, 19వ సంవత్సరాలలో అదారుకు ముందు 30 రోజుల అధిక అదారును చేరుస్తారు. 5784ను 19తో భాగిస్తే శేషం 8 కనుక అది అధికమాస సంవత్సరం. అందువల్లనే 2024లో పస్కా ఏప్రిల్ 22 సాయంకాలం దాకా రాలేదు.

దృగ్గణితం నుండి స్థిరగణితానికి

తొలి కాలంలో నెల ఆరంభాన్ని గణించేవారు కాదు. నెలవంకను చూసిన సాక్షులు జెరూసలేములోని న్యాయసభ ఎదుట సాక్ష్యం చెప్పేవారు. సభ ప్రకటించిన పిదప కొండలపై మంటలు వేసి దూర ప్రాంతాలకు తెలిపేవారు. తరువాత వార్తాహరులను పంపారు. వార్త సకాలంలో అందని దేశాలలో పొరపాటు రాకుండా పండుగను రెండు రోజులు జరపడం ఆచారమైంది. ఇశ్రాయేలు దేశం వెలుపలి సంప్రదాయ యూదులు నేటికీ అలాగే చేస్తారు.

నిర్ణయాధికారం ఎవరిదన్న ప్రశ్న అప్పుడే తలెత్తింది. మిష్నా గ్రంథంలో దీనికి ప్రసిద్ధమైన ఉదంతం ఉన్నది. సభాధ్యక్షుడైన రెండవ గమలీయేలు సందేహాస్పదమైన సాక్ష్యాన్ని అంగీకరించి నెలను ప్రకటించాడు. పండితుడైన యెహోషువ దానిని తప్పని భావించాడు. యెహోషువ లెక్క ప్రకారం ప్రాయశ్చిత్తార్థ దినమైన రోజున చేతికర్రతో, డబ్బు సంచితో తన వద్దకు రమ్మని గమలీయేలు ఆదేశించాడు. అది పవిత్ర దినాన చేయరాని పని. యెహోషువ సమాజ ఐక్యతకై ఆజ్ఞను పాటించాడు. గమలీయేలు లేచి అతని శిరస్సును ముద్దాడాడు. లెక్క సరిగా ఉండడం కంటే అందరూ ఒకే రోజును ఆచరించడం ముఖ్యమన్న సూత్రానికి ఇది ఆధారమైంది.

స్థిరగణితాన్ని క్రీ.శ. 4వ శతాబ్దంలో రెండవ హిల్లేలు ప్రవేశపెట్టాడని సంప్రదాయం. అయితే అది క్రమంగా అనేక శతాబ్దాలలో రూపొందిందని చరిత్రకారుల అభిప్రాయం. 921-22లో పాలస్తీనా పండితుడు బెన్ మేయీరుకు, బబులోను పక్షాన నిలిచిన సాదియాకు మధ్య ఒక గణిత నియమంపై వివాదం చెలరేగింది. ఫలితంగా 922లో కొందరు పస్కాను ఆదివారం, కొందరు మంగళవారం జరుపుకున్నారు. చివరకు బబులోను పద్ధతి నిలిచింది.

స్థిరగణితంలో చాంద్రమాసం 29 రోజుల 12 గంటల 793 భాగాలు. గంటకు 1080 భాగాలు. నూతన సంవత్సరాది ఆది, బుధ, శుక్రవారాలలో రాకుండా ఒకటి రెండు రోజులు వాయిదా వేస్తారు. అది బుధవారం గాని శుక్రవారం గాని వస్తే ప్రాయశ్చిత్తార్థ దినం విశ్రాంతిదినానికి ముందో వెనుకో వచ్చి, వరుసగా రెండు రోజులు వంట, అంత్యక్రియలు నిలిచిపోతాయి. సంవత్సరం సగటున 365.2468 రోజులు. ఋతుసంవత్సరం కంటే ఇది కొద్దిగా ఎక్కువ కనుక సుమారు 216 ఏళ్ళకు ఒక రోజు చొప్పున పండుగలు వెనుకబడుతున్నాయి. దీనిని సవరించే అధికారం గల సభ నేడు లేదు.

భిన్న సంప్రదాయాలు

కరాయీయులు స్థిరగణితాన్ని అంగీకరించరు. వారి సంప్రదాయంలో నెలవంక దర్శనం, యవల పంట పక్వతే ప్రమాణాలు. మృతసముద్రపు చుట్టలలో 364 రోజుల పంచాంగం కనిపిస్తుంది. అందులో ప్రతి పండుగ ఏటా అదే వారంనాడు వస్తుంది.

క్రైస్తవ సంఘాలు ఈస్టరును యూదుల లెక్కతో నిమిత్తం లేకుండా నిర్ణయించుకోవాలని 325లో నైసియా మహాసభ తీర్మానించింది. మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే మొదటి పౌర్ణమి దాటిన ఆదివారం ఈస్టరు. ఆ పౌర్ణమి కూడా పట్టికల ద్వారా గణించినదే. 2024లో ఈస్టరు మార్చి 31న, పస్కా మూడు వారాల తరువాత వచ్చాయి. ఆర్కాటు మిషను పనిచేసిన మదనపల్లె, పుంగనూరు ప్రాంతపు దక్షిణ ఇండియా సంఘం వారు ఈస్టరు లెక్కనే అనుసరిస్తారు. సెవెంత్ డే అడ్వెంటిస్టులు శనివార విశ్రాంతిని పాటిస్తారు గాని, వార్షిక పండుగలను విధిగా భావించరు.

తెలుగు పంచాంగంతో పోలిక

రెండింటిలోనూ నెల అమావాస్య తరువాత మొదలై, పౌర్ణమి నెల నడుమ వస్తుంది. తెలుగు పంచాంగంలో సంక్రమణం లేని చాంద్రమాసమే అధికం కనుక అది వేర్వేరు నెలలలో రావచ్చు. యూదులకు అదారు ఒక్కటే అధికమవుతుంది. మనకు దినం సూర్యోదయంతో, వారికి సూర్యాస్తమయంతో మొదలు. నీసాను సాధారణంగా చైత్రంతో, తిష్రీ ఆశ్వయుజంతో సరిపోతాయి. 2025 అక్టోబరు 2న విజయదశమి, ప్రాయశ్చిత్తార్థ దినం ఒకేరోజు వచ్చాయి. అధికమాసాలు వేర్వేరుగా పడినప్పుడు ఈ పొందిక తప్పుతుంది. 2021లో పస్కా పౌర్ణమి చైత్రంలో కాక, ఫాల్గుణంలో హోళీ సమయానికి వచ్చింది.

తెలుగునాట ఆచరణ

గుంటూరు జిల్లా చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయీము సమాజం ఉన్నది. మాదిగ కులానికి చెందిన క్రైస్తవ కుటుంబాలు 1980ల చివరి నుండి యూదు ఆచారాలను చేపట్టి, తాము ఎఫ్రాయీము గోత్రపు సంతతివారమని ప్రకటించాయి. గ్రామంలో వీరికి సమాజమందిరం (సినగాగు) ఉన్నది. విశ్రాంతిదినాన్ని, పస్కా మొదలైన పండుగలను యూదుల పంచాంగం ప్రకారం జరుపుకుంటారు. వీరి సంతతి వాదానికి ఇశ్రాయేలు ప్రభుత్వ గుర్తింపు లేదు. ఇటువంటి సమాజానికి పండుగ తేదీ కేవలం గణిత విషయం కాదు. ప్రపంచ యూదులతో పాటు అదే సాయంకాలం పస్కా భోజనానికి కూర్చోవడం తామూ వారిలో ఒకరమని తెలిపే మార్గం. వీరిపై యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రచించిన పరిశోధన గ్రంథాన్ని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2013లో ప్రచురించింది.

ఇవి కూడా చూడండి

* పంచాంగం
* అధిక మాసం
* పస్కా
* ఈస్టర్
* చేబ్రోలు