స్పీకరులోని రొద – దాని పూర్వకథ

ఆషాఢ శ్రావణ మాసములలో ఆదిలాబాదు, కరీంనగరు పల్లెలయందు మీడియం వేవ్ రేడియో పెట్టి కూర్చున్నవారికి ఒక సంగతి తెలియును. మాట ఒకటి వినబడితే చిటపటలు రెండు వినబడును. స్పీకరు గొంతు పెంచినచో రెండును కలిసి పెరుగును గాని మాట తేటపడదు. 1935లో హైదరాబాదులో ప్రారంభమైన దక్కన్ రేడియో శక్తి 200 వాట్లు, అనగా రెండు పెద్ద విద్యుద్దీపముల పాటి. సుమారు 300 కిలోమీటర్ల దూరముననున్న ఆదిలాబాదునకు ఆ తరంగము బలముగా చేరుట కష్టము. ఆకాశమందలి మెరుపు మాత్రము ఊరి నెత్తిమీదనే ఉండును. 1950లో ఆ కేంద్రము ఆకాశవాణిలో కలిసినది. మెరుపులు మాత్రము ఎవరిలోను కలియలేదు!

రొదతో పోరాటము రేడియోకంటె పాతది. తొలినాటి టెలిఫోనులకు తీగ ఒకటే. విద్యుత్తు తిరిగివచ్చు దారి భూమి. ఇది చౌక పద్ధతియే. అయితే ఆ భూమినే టెలిగ్రాఫు, అటుపైన విద్యుత్ ట్రాముబండ్లు కూడ వాడుకొనుచుండుటచే, వాటి కదలికలన్నియు వినువాని చెవిలో గరగరలాడెను. అమెరికాలో 1881 ప్రాంతమున జాన్ కార్టీ రెండవ తీగ వేసి చూపెను. పోవు దారికి, వచ్చు దారికి వేర్వేరు తీగలుండి, రెండును పక్కపక్కనే సాగినచో బయటి ప్రభావము రెండింటిపైనను సమానముగా పడి, చివరకు చెల్లిపోవును. ఈ చిన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. మరల దీని పని పడును.

బ్యాటరీలపై నడచిన రేడియోలు 1920 దశకము చివర ఇంటి విద్యుత్తుపై నడువసాగినవి. అప్పుడు 'గుంయ్' మను క్రొత్త రొద పుట్టెను. మన దేశమున ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు చేయును. దానిని ఒకే దిశకు మార్చు పూర్ణతరంగ రెక్టిఫయరు నుండి వచ్చు అలల పౌనఃపున్యము 100. వడపోత కెపాసిటరు పాతబడినచో ఈ 100 స్పీకరులో పలుకును. చెవి అలవాటైన మరమ్మతుదారు 50ని, 100ని స్వరముబట్టి వేరుచేసి తప్పెక్కడనో చెప్పగలడు.

మూడవది 'సుస్సు' మను రొద. దీనిని ఎంత మంచి వడపోతయు ఆపలేదు. బెల్ ప్రయోగశాలలో జాన్సన్ దీనిని కొలువగా, నైక్విస్ట్ కారణము చెప్పెను. ఇద్దరి పత్రములు 1928లో వెలువడినవి. నిరోధకములోని ఎలక్ట్రానులు వేడివలన ఊరక సంచరించుటయే దీని మూలము. ఆ సంస్థలోనే కార్ల్ జాన్స్కీ రేడియో టెలిఫోనుకు అడ్డు వచ్చు రొదను వెదకుచు, దగ్గరి ఉరుములు, దూరపు ఉరుములు పోగా, ఒక సన్నని సవ్వడి మిగులుట గమనించెను. అది ప్రతిదినము నాలుగు నిమిషములు ముందుగా వచ్చుచుండెను. నక్షత్రములు ఉదయించు తీరు ఇదే! ఆ సవ్వడి ధనూరాశి దిక్కున పాలపుంతనుండి వచ్చుచున్నదని 1933లో ప్రకటించెను. చెడిన రేడియోగా తోచినది రేడియో ఖగోళశాస్త్రమునకు పుట్టినిల్లయినది. మన ఆదిలాబాదులో ధనూరాశి రాత్రివేళ బాగుగా కనబడవలసినది ఆషాఢములోనే. అప్పుడే మబ్బులు కమ్ముట మన దురదృష్టము.

మెరుపు రొదకు విరుగుడు ఆర్మ్‌స్ట్రాంగ్ చూపెను. రొద ముఖ్యముగా తరంగపు కంపన పరిమితిని చెడగొట్టును. అందుచే మాటను కంపన పరిమితిలో గాక పౌనఃపున్యములో ఉంచి, గ్రాహకములో ఎత్తుపల్లములను కత్తిరించివేసినచో సరిపోవును. 1933లో ఆయనకు పేటెంట్లు లభించినవి. మన దేశమున ఎఫ్.ఎం. ప్రసారము 1977లో మద్రాసులో మొదలైనది. 1986లో ఆకాశవాణి కేంద్రము ఆదిలాబాదుకే వచ్చినది, నేడది 100.2 మెగాహెర్ట్‌జ్ ఎఫ్.ఎం. పై పలుకుచున్నది. అందు గోండీ భాషా కార్యక్రమములు కూడ కలవు. తన భాషలో వచ్చు మాట రైతుకు అక్షరము పొల్లుపోక వినబడుట చిన్న విషయము కాదు.

ఇప్పుడు కొందరు విద్యార్థులు చెక్కపెట్టెలో చిన్న కంప్యూటరు, తెర, వర్ధకము, స్పీకరు అమర్చి పాతకాలపు వీడియో ఆటలు ఆడుకొనుచున్నారు. తెరపై బొమ్మ కదలినప్పుడెల్ల స్పీకరు గిరగిరలాడుట వీరి ఫిర్యాదు. గొంతు పూర్తిగా తగ్గించినను రొద నిలిచినచో తప్పు వర్ధకమునందో, విద్యుత్ సరఫరాయందో ఉండును. తగ్గినచో అది అంతకు ముందే చేరుచున్నది. పిమ్మట కంప్యూటరును వేరే బ్యాటరీపై నడిపి చూడవలెను. రొద పోయినచో కారణము ఉమ్మడి తీగయే. తెరకు, కంప్యూటరుకు పోవు విద్యుత్తులో 1 ఆంపియరు హెచ్చుతగ్గులుండి, తిరుగుతీగ నిరోధము 0.05 ఓము అయినను, ఓమ్ సూత్రము ప్రకారము 50 మిల్లీవోల్టులు పుట్టును. వర్ధకము దీనిని సంగీతమనుకొని పెంచును. కార్టీ కాలపు భూమి ఇక్కడ సన్నని నల్లతీగ రూపమున వచ్చినది. వర్ధకపు తిరుగుతీగను సరఫరా మూలమువరకు వేరుగా లాగినను, ధ్వని తీగల నడుమ చిన్న వేర్పాటు ట్రాన్స్‌ఫార్మరు పెట్టినను రొద అణగును. గోడప్లగ్గులోని ఎర్తు కాలును విరిచి రొద తగ్గించుకొనువారు కొందరు కలరు. అది ప్రాణాపాయము, ఆ పని ఎన్నడును చేయరాదు.