చీకటి గదిలో పచ్చటి గీత

బోస్టన్, 1941. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో ఒక గది. దీపాలన్నీ ఆర్పేశారు. ఆర్క్ లాంప్ వెలుతురొక్కటే మైక్రోస్కోపు కింది గాజుపలక మీద పడుతోంది. శాస్త్రవేత్త ఆల్బర్ట్ కూన్స్ కన్ను ఆనించాడు. నీలం. ఎటు చూసినా నీలమే. క్రిమిని పట్టే యాంటీబాడీకి తాను అంటించిన రంగూ నీలమే, కణజాలం తనంతట తాను చిమ్మే వెలుగూ నీలమే. ఇక క్రిమి ఏదో, కండ ఏదో తేలేదెట్లా?

రంగు మార్చాలి. ఆకుపచ్చగా మెరిసే ఫ్లోరెసీన్ కావాలి. దాన్ని యాంటీబాడీకి అతికేట్టు మలచాలంటే ఫాస్జీన్ వాడాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో సైనికుల ఊపిరి తీసిన విషవాయువు అది. అయినా రసాయనవేత్త ఎర్న్‌స్ట్ బెర్లినర్ దానికి పూనుకున్నాడు.

1942. మళ్ళీ అదే చీకటి. న్యుమోనియా క్రిములు సోకిన చిట్టెలుక కణజాలాన్ని పల్చగా కోసి, కొత్త యాంటీబాడీ పోసి, అతుక్కోనిదంతా కడిగేసి, లాంపు కిందికి జరిపి చూస్తే, ఆ నీలపు మసకలో సరిగ్గా క్రిమి ఉన్న చోటే పచ్చటి మెరుపు! అంతలోనే యుద్ధం పిలిచింది. కూన్స్ సైన్యంలోకి వెళ్ళిపోయాడు.

క్రిమి దొరికింది. కానీ అదే పద్ధతికి రక్తనాళం లోపలి పొర ఇంకా దొరకలేదు. దాని మందం ఒక్క కణం. పాకాల జంక్షన్లో లైను ధర్మవరానికొకటి, తిరుపతికొకటి, కాట్పాడికొకటిగా చీలినట్టు నాళాలు చీలి, మళ్ళీ చీలి, వెంట్రుకకన్నా సన్నబడి కండలో కలిసిపోతాయి. కొత్త రక్తనాళాలు మొలవకపోతే క్యాన్సర్ గడ్డ పెరగలేదని 1971లో సర్జన్ జూడా ఫోక్‌మన్ వాదించాడు. వాటిని కళ్ళారా చూడాలంటే ఆ పొరనే పట్టే యాంటీబాడీ కావాలి. కానీ జంతువు సీరంలో రకరకాల యాంటీబాడీలు కలగాపులగంగా ఉంటాయి. ఒకే రకం, అదీ కావలసినంత, ఎక్కడ దొరుకుతుంది?

కేంబ్రిడ్జి, 1974-75 చలికాలం. యాంటీబాడీ చేసే ప్లీహ కణానికి సీసాలో ఆయుష్షు కొన్ని రోజులే. క్యాన్సర్ కణానికి చావు లేదు. శాస్త్రవేత్తలు జార్జెస్ కోహ్లర్, సీజర్ మిల్‌స్టీన్ ఆ రెంటినీ అతికించారు. అతకని క్యాన్సర్ కణాలు సీసానంతా ఆక్రమించేస్తాయి. వాటిని మాత్రమే చంపే మందు కావాలి.

ఆ మందు పేరు ఎమినోప్టెరిన్. అది పుట్టింది అమెరికాలోని లెడర్లే కంపెనీలో, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం చేతుల్లో. కూన్స్ పనిచేసిన హార్వర్డ్‌లోనే ఏళ్ళ తరబడి శ్రమించి 1940లో లెడర్లేకి వెళ్ళారాయన. బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఇచ్చింది ఈ మందే. సుబ్బారావు అనగానే మనకు ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ గుర్తొస్తుంది. ఇదీ అంతటి పనే. డీఎన్ఏ ముడిసరుకును కొత్తగా చేసుకునే దారిని ఎమినోప్టెరిన్ మూసేస్తుంది. పక్కదారి ఉన్న కణమే బతుకుతుంది. కోహ్లర్ ఎంచుకున్న క్యాన్సర్ కణాలకు ఆ పక్కదారి లేదు. అతికిన జంటకు ఉంది, ప్లీహ కణం ఇచ్చింది. 1948 ఆగస్టులో కన్నుమూసిన సుబ్బారావుకు తన మందుకు ఇలాంటి పని పడుతుందని తెలిసే వీల్లేదు. ఇంతకూ జంట నిలిచిందా?

రాత్రి. కిటికీల్లేని నేలమాళిగ. ఫలితం చూడ్డానికి కోహ్లర్ భార్య క్లాడియాను వెంటబెట్టుకుని మెట్లు దిగాడు. ప్లేట్ల నిండా గొర్రె ఎర్ర రక్తకణాలు. యాంటీబాడీ పుట్టి ఉంటే అవి పగిలి తేటగా వలయాలు కనబడాలి. మొదటి ప్లేటు ఎత్తాడు. వలయాలు! రెండోదాంట్లోనూ! అక్కడే భార్యను ముద్దాడాడు. 1975 ఆగస్టులో ‘నేచర్’ అచ్చేసింది. 1984లో ఇద్దరికీ నోబెల్.

ఆ దారి మిలన్ దాకా సాగింది. 1994లో అక్కడి శాస్త్రవేత్తలు పెద్దజాతి ఎలుకకు చిట్టెలుక రక్తనాళపు కణాలు ఎక్కించి, ఆ పొరనే పట్టే యాంటీబాడీలు సాధించారు. వాటిలో ఎంఈసీ 13.3 ఒకటి. అది పట్టేది సీడీ31 అనే ప్రోటీన్‌ని.

ఇప్పుడు లాబుల్లో రెండు పలకలు పక్కపక్కన పెడతారు. ఒకదానికి ఎంఈసీ 13.3 వెయ్యరు, ఎంఈసీ 13.3ను పట్టే, వెలిగే రంగు కట్టిన రెండో యాంటీబాడీ మాత్రమే వేస్తారు. ఆ పలక నల్లగా ఉండాల్సిందే. పచ్చగా మెరిసిందా, పరీక్ష మళ్ళీ మొదటికొస్తుంది. ప్లేట్‌లెట్ల మీదా సీడీ31 ఉంటుంది గనక, మరో రంగుతో మరో గుర్తును పట్టి సరిచూస్తారు. అన్నీ కుదిరాకే, గడ్డలో ఎన్ని నాళాలు మొలిచాయో, మందు వేశాక ఎన్ని మిగిలాయో ఒక్కొక్కటే లెక్కపెడతారు.