రిపేరు షాపులో పుట్టిన పెట్టె

లియో ఫెండర్‌కి గిటారు వాయించటం రాదు. చదివింది అకౌంటింగు. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్ళో రేడియో రిపేరు షాపు పెట్టుకున్నాడు. గిటార్ల చరిత్ర రాసేవాళ్ళు ఈ ముక్కని రెండు లైన్లలో తేల్చేసి స్ట్రాటోకాస్టర్ దగ్గరికి పరిగెడతారు. నాకు మాత్రం అసలు కథంతా ఆ షాపులోనే ఉందనిపిస్తుంది. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ట్యూబులంటే మన తాతల కాలం వాల్వు రేడియోల్లో ఉండేవే. స్విచ్ వేశాక అవి వేడెక్కితే గానీ రేడియో గొంతు విప్పేది కాదు. బల్బుల్లాగే అవీ అరిగిపోతాయి, కెపాసిటర్లు లీకవుతాయి. రోజూ వేరేవాళ్ళు చేసిన పెట్టెలు విప్పేవాడికి ఒక సంగతి బాగా వంటబడుతుంది: ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది, పాడైన ముక్కని తీసి కొత్తది పెట్టడం ఎంత తేలికో చూసుకోవాలి.

ఆయన 1952లో బాస్ గిటారు కోసం బాస్‌మన్ అనే ఆంప్లిఫైయరు తెచ్చాడు. అది మారుతూ మారుతూ 1958-60 మధ్య 5ఎఫ్6-ఎ అనే మోడల్ అయ్యింది. నాలుగు పదంగుళాల స్పీకర్లు, రెండు 5881 పవర్ ట్యూబులు. బాస్ కోసం చేస్తే మామూలు గిటారువాళ్ళు ఎగరేసుకుపోయారు. వాల్యూమ్ పెంచితే వచ్చే గరగర వాళ్ళకి తెగ నచ్చేసింది. బగ్గు ఫీచరవడం మనకి కొత్తేం కాదు కదా!

మా టీమ్‌లో ఒకాయన వాళ్ళ నాన్నగారి 1959 బాస్‌మన్‌ని బాగు చేస్తుంటే మూడు శనివారాలు పక్కన కూర్చుని టార్చి పట్టుకున్నాను. ముందు పుట్టినతేదీ చూశాం. లోపల అతికించిన ట్యూబు చార్టు మీద రెండక్షరాల ముద్ర ఉంటుంది. మొదటిది ఏడాది, రెండోది నెల. ఎ అంటే 1951, అలా లెక్కేసుకుంటూ పోతే ఐ అంటే 1959. ట్రాన్స్‌ఫార్మర్ మీద 606 అని మొదలైతే అది షూమాకర్ కంపెనీది, ఆ తర్వాతి అంకెల్లో ఏడాదీ, వారమూ ఉంటాయి. ఇంతకంటే మంచి వెర్షన్ హిస్టరీ ఏం కావాలి?

ఏళ్ళ తరబడి మూలన పడున్న ట్యూబు ఆంప్లిఫైయరుని తిన్నగా ప్లగ్గులో పెట్టకూడదు. మామూలు ఫిలమెంట్ బల్బు ఒకటి సీరీస్‌లో పెట్టి చూస్తారు. లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, ఆంప్లిఫైయరు బతికిపోతుంది. ఇంకో మాట, ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లలో 400 వోల్ట్ల పైన నిలవుండొచ్చు. వాటిని డిశ్చార్జి చెయ్యకుండా చెయ్యి పెట్టారో, అంతే సంగతులు.

మావాడి పెట్టెకి రెండు జబ్బులు. ఒకటి గుయ్‌మనే హమ్. అమెరికా కరెంటు 60 సైకిళ్ళు కాబట్టి రెక్టిఫయర్ తర్వాత వచ్చే అల 120. హమ్ 120 దగ్గరుంటే ముందు ఫిల్టర్ కెపాసిటర్లని అనుమానించాలి, 60 దగ్గరుంటే హీటర్ వైరింగో ఎర్తింగో చూడాలి. మాది 120. రెండోది, ఒక పవర్ ట్యూబు లోపలి ప్లేటు ఎర్రగా కాలుతోంది. రెండు ట్యూబులూ అటూ ఇటూ మార్చి చూస్తే ఎరుపు ట్యూబుతో పాటు కదల్లేదు, ఆ సాకెట్‌లోనే ఉండిపోయింది. అంటే ట్యూబుది తప్పు కాదు. సర్క్యూట్ మొత్తం ఒక్క కాగితంలో పడుతుంది, ఏ పాయింట్ దగ్గర ఎన్ని వోల్ట్లుండాలో కూడా దాని మీదే రాసుంటుంది. గ్రిడ్ దగ్గర మైనస్ 48 ఉండాలి, మీటర్ మైనస్ 30 చూపించింది. ముందు స్టేజి నుంచి ఓ పాత కప్లింగ్ కెపాసిటర్ డీసీని కార్చేస్తోంది. అది మార్చి, ఎండిపోయిన ఫిల్టర్లు మార్చి, పాత రెండు పిన్నుల తీగ స్థానంలో ఎర్తున్న మూడు పిన్నుల తీగ వేశాక పెట్టె నిశ్శబ్దంగా, చల్లగా కూర్చుంది.

ఆ ఒక్క కాగితమే సముద్రం కూడా దాటింది. లండన్ పక్క హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్స్ మాస్టారుకి ఓ షాపు ఉండేది. దిగుమతి ఫెండర్లు అక్కడి కుర్రాళ్ళకి అందని ధర. ఆయన దగ్గర రిపేర్లు చూసే కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనే మరో కుర్రాడు కలిసి 1962లో బాస్‌మన్ సర్క్యూట్‌నే దాదాపుగా దించేశారు. మొదటి ట్యూబు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు మాత్రం అక్కడ దొరికినవి వేశారు. ఆ చిన్న తేడాలకే మోత ఇంకాస్త ముదిరింది. అదే జె.టి.ఎం.45, రాక్ సంగీతానికి తిరుగులేని మార్షల్ శబ్దానికి మొదటి మెట్టు. అక్కడ కూడా పని మొదలైంది రిపేరు బల్ల మీదే, గమనించారా?

ఇక్కడో పేచీ ఉంది. 1959 కెపాసిటర్లు పీకేస్తే అది 1959 పెట్టె ఎలా అవుతుందని సేకరణదార్ల గొడవ. నా మటుకు నాకు మోగని ఆంప్లిఫైయరు ఉత్త చెక్కపెట్టె. కెపాసిటర్లు మారిపోతాయని తెలిసే పెట్టారు, ట్యూబులకి సాకెట్లు పెట్టిందీ అందుకే. ఒకప్పుడు మన బెంగుళూరు బి.ఇ.ఎల్. కూడా వాల్వులు చేసేది. ఇప్పుడు రష్యా, స్లొవేకియా, చైనాల్లో చేస్తున్నారు. 2022లో రష్యా ఎగుమతులు ఆపినప్పుడు ట్యూబుల కోసం అందరూ వెతుక్కున్నారు. అయినా సాకెట్ ప్రమాణం ఒకటే కాబట్టి ఇంకో దేశం ట్యూబు దాంట్లో కూర్చుంటుంది. అయితే పీకిన ముక్కల్ని పారెయ్యకుండా ఓ కవర్లో వేసి, ఏది ఎప్పుడు మార్చారో రాసి పెట్టెలోనే ఉంచటం మర్యాద. మావాడూ అదే చేశాడు. తర్వాత విప్పేవాడికి అదే చరిత్ర.

మనం రాసే సిస్టమ్స్ పదేళ్ళు దాటితే చాలు, 'ముట్టుకోకు, పనిచేస్తోందిగా' అంటాం. ఏ పాయింట్ దగ్గర ఎంతుండాలో రాసిన కాగితం ఎక్కడా దొరకదు. రాసినవాడు కంపెనీ మారిపోయుంటాడు. లియో ఫెండర్ మనకన్నా తెలివైనవాడని అనను. కానీ తన పెట్టెని రేపు ఇంకెవడో విప్పుతాడని ఆయనకి తెలుసు, ఎందుకంటే నిన్నటిదాకా ఆ ఇంకెవడో తనే. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి డిజైన్ కన్నా ముందు ఓ ఏడాది మెయింటెనెన్స్ ఇస్తే శిక్ష అనుకుంటారు గానీ, మంచి పెట్టెలు కట్టడం నేర్పే బడి అదేనేమో. మీరేమంటారు?